ఇష్టపూర్వకంగా సంతకం పెట్టాను

మావాడి క్లాసులో షాడో టీచర్, అంటే వాడి వెంటే ఉండి సాయం చేసే టీచరు, అడుగుపెట్టి ఇవ్వాళ్టికి మూడు వారాలు. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గేలా లేదు, అందుకే రాసేస్తున్నాను.

మావాడికి ఏడేళ్లు, రెండో తరగతి. ఆటిజం ఉంది. చదవడం, రాయడం వచ్చు. పదిహేనో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్తాడు. అయితే నలభై మంది ఉన్న గదిలో టీచర్ "అందరూ లెక్కల పుస్తకం తీయండి" అంటే ఆ "అందరూ"లో తనూ ఉన్నాడని వాడికి తట్టదు. పక్కన ఎవరైనా పుస్తకం మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, మిగతాది వాడే చేసుకుంటాడు. ఆ వేలు కోసం మేం ఐదు నెలలు తిరిగాం.

వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ గురించి అందరూ భయపెట్టారు గానీ అది తేలిగ్గానే అయిపోయింది. సచివాలయంలో స్లాట్ బుక్ చేయించుకున్నాం, చెప్పిన రోజున ఆసుపత్రికి వెళ్లాం. ఆటిజానికి నలభై అంశాల కొలత ఒకటి ఉంటుంది, డాక్టర్ గారు దాని ప్రకారం చూసి రాశారు. వెళ్లేవాళ్లు టిఫిన్ బాక్సూ, పిల్లాడికి ఇష్టమైన బొమ్మా పట్టుకెళ్లండి.

మనిషి దొరకడం కూడా అనుకున్నంత కష్టం కాలేదు. మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం వాళ్ల భవిత కేంద్రం ఉంది. మావాడు ప్రైవేటు స్కూలు పిల్లాడు, మమ్మల్ని పట్టించుకోనక్కర్లేదు. అయినా అక్కడి రిసోర్స్ టీచరమ్మ గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. "అన్నా, మీవాడికి కావాల్సింది ఆయా కాదు, టీచరు. అన్నం తినిపించి, ముక్కు తుడిచి, హోంవర్క్ తనే రాసిపెట్టే మనిషిని పెట్టారంటే వాడు వచ్చినవి కూడా మర్చిపోతాడు. రోజురోజుకీ ఒక అడుగు వెనక్కి వేసే మనిషిని చూసుకోండి" అంది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి ఖాళీగా ఉన్న ఒకమ్మాయి నంబర్ కూడా తనే ఇచ్చింది. నెలకు 15,000, మా జేబులోంచే. ఎవరిని పెట్టుకున్నా, స్పెషల్ టీచర్లను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకోండి. నేను జీతం మాట కంటే ముందు అదే అడిగాను. ఇరవై రెండేళ్లుగా జనాల కాగితాలు చూసి బతుకుతున్నవాణ్ణి మరి.

ఇక స్కూలు. పేరు రాయను. సీబీఎస్‌ఈ స్కూలు. వాళ్ల రంగుల పుస్తకంలో "ఇన్‌క్లూజివ్" అన్న మాట మూడు చోట్ల ఉంది, లెక్కపెట్టాను.

పదకొండింటికి రమ్మని, ఫీజు కౌంటర్ ఎదురుగా బెంచీ మీద ఒంటిగంట దాకా కూర్చోబెట్టారు. లోపలికి పిలిచేసరికి కరస్పాండెంటు గారు, ప్రిన్సిపల్ మేడమ్, క్లాస్ టీచరు, వాళ్లతోపాటు అకౌంట్స్ అతను. ఇతనెందుకో అప్పుడు అర్థం కాలేదు. మా ముగ్గురికీ కుర్చీలు వేశారు. షాడో మిస్‌కి వెయ్యలేదు. ఆ పిల్ల గోడకి ఆనుకుని, సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకుని నిలబడింది. నేను లేచి నా కుర్చీ ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. ఆ మాట ఆమెతో ఇప్పటికీ అనలేకపోయాను.

కరస్పాండెంటు గారు మావాణ్ణి చూసి "నీ పేరేంట్రా?" అన్నారు. వాడు తల పైకెత్తి "మూడు రెక్కలు" అన్నాడు. ఫ్యాన్ చూస్తున్నాడు. అకౌంట్స్ అతను నవ్వాడు. క్లాస్ టీచరు మాత్రం టేబుల్ మీంచి చూపు తిప్పలేదు.

అప్పుడు కాగితం తీశారు. వంద రూపాయల స్టాంపు మీద అండర్‌టేకింగ్, టైపు చేసి సిద్ధంగా ఉంది. నేను రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా డాక్యుమెంట్ రైటర్ని, స్టాంపు పేపర్ కనబడితే ముందు వెనక్కి తిప్పి చూడటం అలవాటు. కొన్నది స్కూలు పేరు మీద. సంతకం పెట్టాల్సింది మేము. దానికి "స్టేషనరీ" కింద 200 రసీదు కోసి అకౌంట్స్ అతను నా ముందుకి తోశాడు. ఆయన వచ్చింది అందుకన్నమాట.

పది క్లాజులు. సహాయకురాలికీ స్కూలుకీ ఏ సంబంధమూ లేదు, జీతం తల్లిదండ్రులదే. ఆమె స్టాఫ్ రూమ్, స్టాఫ్ టాయిలెట్ వాడకూడదు. పిల్లాడు విసిగిస్తే వెంటనే ఇంటికి తీసుకుపోవాలి. వేరే పిల్లల తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే టీసీ తీసుకోవాలి. ఇవన్నీ చదువుతూ కూడా నేను నిబ్బరంగానే ఉన్నాను. పైన మొదటి వాక్యం దగ్గరికి మళ్లీ వచ్చాకే చేతులు వణికాయి. "మేము మా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాసి ఇచ్చు..."

ఆ మాట నేను ఎన్ని వేలసార్లు రాశానో. కూతురికి రావాల్సిన వాటా కొడుకు పేరున రాసిచ్చే ముసలాయన దస్తావేజులోనూ అదే రాశాను. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే "వేలిముద్ర ఇక్కడ, తాతా" అని చూపించాను. ఎదుటివాళ్ల కాగితంలో ఉన్నప్పుడు అది చేతికి అలవాటైన మాట, అంతే. మన పేరు ముందు పడ్డప్పుడుగానీ తెలియలేదు.

"అండీ, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ గుర్తింపు పొందిన స్కూళ్లకీ వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరమైన తోడ్పాటు ఇవ్వాలి అని ఉంది" అన్నాను. ప్రింట్ తీసి పట్టుకెళ్లాను కూడా. ఒక్కో పిల్లాడికి ఒక్కో మనిషిని పెట్టమని అందులో రాసిలేదు, నిజమే. పిల్లాడు విసిగిస్తే పంపించెయ్యమని కూడా లేదు.

కరస్పాండెంటు గారు కళ్లజోడు తీసి, "మీరు లాయరా?" అన్నారు.

"కాదండీ. డాక్యుమెంట్ రైటర్ని."

"అయితే మీకు రోజూ ఉండే పనేగా. పెట్టెయ్యండి సంతకం."

అకౌంట్స్ అతను మళ్లీ నవ్వాడు. టేబుల్ కింద మా ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది, నేనేదో అనేస్తానని. నేను "మా నాన్నగారికి చూపించి తెస్తాను" అన్నాను. మా నాన్న పోయి తొమ్మిదేళ్లు. అబద్ధమే, కానీ కాగితం నా చేతుల్లోకి వచ్చింది. అందుకే చెప్తున్నా, ఏ స్కూలైనా, ఏ ఆఫీసైనా, కాగితం ముందు పెట్టి పెన్ను చేతికిస్తే ఆ గదిలో సంతకం పెట్టకండి. చచ్చిపోయిన నాన్ననైనా అడ్డం పెట్టుకోండి.

ఆ రాత్రి నేనే డ్రాఫ్టు తిరగరాశాను, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. గొప్ప కోసం కాదు గానీ, మా ఊళ్లో నా డ్రాఫ్టులో వంక పట్టినవాడు లేడు. నాలుగు క్లాజులు తీసేసి, ఎందుకు తీశానో పక్కనే సెక్షన్ నంబర్లతో రాసి, "కాపీ: దివ్యాంగుల స్టేట్ కమిషనర్‌కి" అని అడుగున చేర్చి, స్పీడ్ పోస్టులో పంపాను. చేతికిస్తే డ్రాయర్లో పడుతుంది, పోస్టులో పంపితే రసీదు ఉంటుంది. నాలుగో రోజు ప్రిన్సిపల్ మేడమ్ ఫోన్ చేశారు. గొంతు తేనెలా ఉంది. టీసీ క్లాజు, ఇంటికి పంపే క్లాజు, టాయిలెట్ క్లాజు పోయాయి. "ఇష్టపూర్వకముగా" బదులు "ఉభయుల అంగీకారంతో" అని పెట్టించాను. ఇంట్లో వాళ్లకి ఇది పిచ్చిలా అనిపించింది.

ఆ అమ్మాయికి ఇచ్చిన ఐడీ కార్డు మీద మాత్రం "ఆయా" అని ఉంది. మార్చమన్నాను, ప్రింటర్ పాడైందట. ఆమె కార్డు తిరగేసి వేసుకుంటోంది.

క్లాసులో ఆమె చేసే పని ఒకసారి కిటికీలోంచి చూశాను. పెన్సిల్ బాక్సు మూత లోపల చిన్న అట్ట అంటించింది. దాని మీద మూడు బొమ్మలు: పుస్తకం, పెన్సిలు, బోర్డు. మొదటి వారం వాటి మీద వేలు పెట్టి చూపించేది. రెండో వారం మూత తెరిచేది, అంతే. ఇప్పుడు రెండు బెంచీల వెనక కూర్చుంటోంది. మొన్న టీచర్ "అందరూ" అనగానే మావాడు ఒకసారి వెనక్కి తిరిగి ఆమెను చూసి, పుస్తకం తీశాడట.

నేను గమనించకుండా వదిలేసిన క్లాజు ఒకటుంది, ఏడోది. సహాయకురాలు రాని రోజున విద్యార్థిని పంపరాదు. నాకే సిగ్గుగా ఉంది. నిన్న ఆ అమ్మాయికి జ్వరం. మావాడు పొద్దంతా నా ఆఫీసులో కూర్చుని, పాత దస్తావేజు నకళ్ల వెనక వరసగా ఎక్కాలు రాశాడు. రెండు రిజిస్ట్రేషన్లు ఇవ్వాళ్టికి వాయిదా వేసుకున్నాను. ఏడో క్లాజు మీద ఉత్తరం సగం రాసి ఉంది, సాయంత్రం పోస్టాఫీసు మూసేలోపు పూర్తి చెయ్యాలి.