చెయ్యి చాపితే అందే దూరం

మే 26, ఆదివారం. విజయవాడ.

నిన్ననే రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. రాత్రంతా గోడలు వేడి కక్కుతూనే ఉన్నాయి. తెల్లారి ఐదింటికే అమ్ములు లేచి కూర్చుంది. బడి రోజుల్లో ఏడింటికి కూడా బతిమాలి లేపాల్సిన పిల్ల! నేను కాఫీ కలుపుకునేలోగా స్విమ్మింగ్ డ్రెస్ వేసేసుకుని, దానిమీద గౌను తొడుక్కుని, చెప్పులతో సహా గుమ్మంలో నిలబడింది. చూస్తే డ్రెస్ వెనకది ముందుకు వేసుకుంది. అది విప్పి సరిగ్గా వేసేసరికి కాఫీ చల్లారిపోయింది.

మునిసిపల్ ఈత కొలనులో ఆడవాళ్ళకూ చిన్నపిల్లలకూ పొద్దున్న ఏడింటి నుంచి గంటసేపు బ్యాచ్. మంగళవారం నుంచి వెళ్తున్నాం. ఇన్ని రోజులూ నేను టవలు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీదే కూర్చున్నాను. నిన్న కోచ్ మేడమ్ దగ్గరికొచ్చి మెల్లగా చెప్పారు. "ఐదేళ్ళ పిల్లండీ, తోడు నీళ్ళలోనే ఉండాలి. గట్టు మీద ఉంటే సరిపోదు" అని. నా డ్రెస్ కొని అప్పటికే వారమైంది. మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా ఉండే నల్లటి నైలాన్‌ది. బీరువాలోంచి తీయటానికి మాత్రం ధైర్యం చాలలేదు. ఈరోజు తీశాను.

లోపలికి వెళ్ళేముందు గోడమీద నియమాల బోర్డు ఉంది. కాటన్ బట్టలతో దిగకూడదు, తలకు క్యాప్ ఉండాలి, ముందు షవర్ చేయాలి, తలకు నూనె రాసుకుని రాకూడదు. మొదటి రోజు అమ్ములుకి ఎప్పటిలా కొబ్బరినూనె రాసి, రెండు జడలు వేసి తీసుకెళ్ళాను. షవర్ కింద రెండుసార్లు షాంపూ పెట్టి రుద్దితే గానీ వదల్లేదు. నూనె నీళ్ళమీద తెట్టులా తేలి ఫిల్టర్లకు పట్టేస్తుందట. కాటన్ బట్ట కూడా అంతే, పీచు వదులుతుంది. పైగా తడిసి బరువెక్కి పిల్లల్ని కిందికి లాగుతుంది. ఈ సంగతి నాకు తట్టలేదు. తెలిశాక ఆ బోర్డుమీద గౌరవం పెరిగింది.

గేటు దాటగానే అమ్ములు ముక్కు మూసుకుంది. "హాస్పిటల్ వాసనమ్మా!" అంది. నేనూ అది క్లోరిన్ ఎక్కువ వేసినందుకే అనుకున్నాను. అది ఒట్టి క్లోరిన్ వాసన కాదట. క్లోరిన్‌తో చెమట, మూత్రం కలిస్తే క్లోరమీన్లు తయారవుతాయి, ఆ ఘాటు వాటిదే, కళ్ళు మండేది కూడా వాటివల్లే అన్నారు కోచ్ మేడమ్. అందుకే ముందు బాత్రూమ్, తర్వాత షవర్, ఆ తర్వాతే నీళ్ళు. అమ్ములుకి అది ఎంత బాగా తలకెక్కిందంటే, లైన్‌లో ముందున్న ప్రతి పిల్లనీ "నువ్వు బాత్రూమ్‌కి వెళ్ళావా?" అని అడగటం మొదలుపెట్టింది.

పిల్లల కొలను రెండున్నర అడుగుల లోతు. నాకు తొడల దాకా వచ్చింది, దానికి ఛాతీ దాకా. నీళ్ళలో కాలు పెట్టగానే ఒళ్ళు జల్లుమంది. ఈ ఎండల్లో అంత చల్లదనం ఎక్కడ దాచుకున్నాయో ఆ నీళ్ళు! గాలి రింగు తెచ్చుకుంటే కోచ్ మేడమ్ తీసి పక్కన పెట్టించారు. రింగు ఉంటే పిల్లకీ తల్లికీ కూడా లేని ధైర్యం వస్తుంది, వద్దన్నారు. ముందు గోడ పట్టుకుని కాళ్ళు ఆడించాలి. తర్వాత నీళ్ళలోకి నోటితో బుడగలు ఊదాలి. ఊపిరి వదలటం వస్తే సగం ఈత వచ్చినట్టేనట.

ఏడున్నర ప్రాంతంలో జరిగింది ఇది. రాయకుండా ఉండలేను.

అమ్ములు గోడ పట్టుకుని కాళ్ళు ఆడిస్తోంది. పక్కనున్న ఇంకో అమ్మాయి క్యాప్ ఎక్కడ కొన్నారండీ అని అడిగితే అటు తిరిగి చెప్పాను. రెండు ముక్కలే. ఇటు తిరిగేసరికి గోడ దగ్గర పిల్ల లేదు. నా కాళ్ళ ముందే ఉంది, నీళ్ళ కింద. ఎర్ర క్యాప్ కనిపిస్తోంది. కేక లేదు, చెయ్యి పైకెత్తలేదు, నీళ్ళు చిందిన చప్పుడు కూడా లేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, కళ్ళు ఇంతంత చేసుకుని, నీళ్ళలోంచి నాకేసే చూస్తోంది. చంకల కింద చేతులేసి ఒక్క గుంజు గుంజాను. మొత్తం రెండు సెకన్లో, మూడో. పైకొచ్చాక దగ్గింది, తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు వినపడ్డాకే నా గుండె మళ్ళీ కొట్టుకుంది.

కోచ్ మేడమ్ అప్పటికే పక్కకొచ్చేశారు. పిల్లని వంచి వీపు నిమిరి, బాగానే ఊపిరి తీసుకుంటోందని చూసుకున్నాక నాతో అన్నారు. "మునిగేవాళ్ళు అరవరమ్మా. ఊపిరికే నోరు చాలదు, ఇంక అరవటానికి ఎక్కడుంటుంది? చెవులతో కాపలా కాయలేం. కళ్ళు దానిమీదే ఉండాలి, చెయ్యి చాపితే అందే దూరంలో నువ్వు ఉండాలి."

సెలవుల్లో పేపరు జిల్లా పేజీలో 'ఈతకు దిగి' అని మొదలయ్యే వార్త చదివినప్పుడల్లా, దగ్గర ఎవరూ లేరా, ఎవరికీ వినపడలేదా అనుకునేదాన్ని. 1 నుంచి 14 ఏళ్ళ పిల్లలు చనిపోయే ముఖ్య కారణాల్లో నీట మునగటం ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. వినపడదు. పక్కనే ఉన్నా వినపడదు. ఈరోజు నాకు తెలిసింది.

మాది బందరు కాలువ ఒడ్డున ఊరు. బ్యారేజి దగ్గర వదిలిన కృష్ణ నీళ్ళు మా రేవు మీదుగానే పోయేవి. ఎండాకాలం కాలువ కట్టేస్తే అడుగున బురద ఎండి బీటలు వారేది. తొలకరి తర్వాత నీళ్ళు వదిలారంటే మగపిల్లలందరూ వంతెన మీంచి దూకటమే. మా అన్నయ్య అరటి బోదె పట్టుకుని వారంలో ఈత నేర్చేసుకున్నాడు. నేనూ దిగుతానంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్లవి, నీకెందుకే ఈత?" అంది. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి రేవు మెట్టుమీద రాగి చెంబు తోముతుంటే చేతిలోంచి జారింది. మునిగిపోయినా ఇంత గుర్తుండేది కాదేమో. మూతి పైకి పెట్టి, మెల్లగా తిరుగుతూ తేలుతూ పోయింది. మోకాళ్ళ లోతు దాకా దిగి చెయ్యి చాపాను. జానెడు దూరం. ఇంకో అడుగు వేయటానికి భయం. నేను చూస్తుండగానే వంతెన కిందకి వెళ్ళిపోయింది. ఆ చెంబు మా నాయనమ్మది.

ఆ జానెడు దూరం ఇన్నేళ్ళ తర్వాత ఈరోజు మళ్ళీ గుర్తొచ్చింది. రెండున్నర అడుగుల నీళ్ళలో ఉంది కాబట్టి పిల్లని అందుకున్నాను. అదే ఐదడుగులైతే?

అమ్ములు ఇంక దిగనని గట్టెక్కి కూర్చుంది. టవలు చుట్టుకుని, పెదాలు కాస్త నీలంగా, ముక్కు ఎగబీలుస్తూ. ఇంటికి తీసుకెళ్ళిపోదామనే అనిపించింది. కానీ ఈ భయంతోనే ఇంటికెళ్తే, ఆ భయం అక్కడే గడ్డకట్టుకుపోతుంది. నాకు అలాగే అయింది కదా. "అయితే నేను నేర్చుకుంటాను, నువ్వు నేర్పు" అన్నాను. నమ్మలేనట్టు చూసింది. నీళ్ళలో మోకాళ్ళమీద కూర్చుని, గోడ పట్టుకుని, ముఖం ముంచాను. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి. చెవుల్లో ఒక్కసారిగా గుయ్యిమని, తర్వాత అంతా నిశ్శబ్దం. కళ్ళు తెరిస్తే లేత నీలం పలకలు, వాటిమీద వణికే ఎండ. బుడగలు ఊది పైకి లేస్తే అమ్ములు గట్టుమీద గొంతుక్కూర్చుని వేళ్ళు చూపిస్తోంది. "మూడే! ఐదు దాకా ఉండాలమ్మా!" రెండోసారి నాలుగు దాకా ఉన్నాను. మూడోసారికి అది కూడా దిగి, నా భుజం పట్టుకుని, నాతోపాటు ముఖం ముంచింది. ఎవరి బుడగలు ఎవరివో తెలియలేదు.

వచ్చేటప్పుడు దారిలో తాటిముంజెలు కొన్నాం. నానిపోయిన వేళ్ళతో ముంజె పొర వలుస్తూ, "నా వేళ్ళు అమ్మమ్మ వేళ్ళలా అయిపోయాయి" అంది. నేను ఇన్నాళ్ళూ నీళ్ళు పీల్చి చర్మం ఉబ్బటమే అనుకునేదాన్ని. ఇంటికొచ్చి చదివితే, నరాలు అక్కడి రక్తనాళాల్ని కుదించటంవల్ల వచ్చే ముడతలట. వేలి నరం దెబ్బతిన్నవాళ్ళకు అవి రావు. తడి వస్తువులు జారిపోకుండా పట్టుకోవటానికి పనికొస్తాయని కూడా ఉంది. ముంజె మాత్రం రెండుసార్లు జారింది. మూడోది నోట్లో పడేదాకా రోడ్డుపక్కన నీడలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

మధ్యాహ్నం భోజనం కాగానే పడి నిద్రపోయింది, నాలుగింటి దాకా. నేను రెండు డ్రెస్‌లూ పిండి తీగమీద ఆరేశాను. ఎర్రటిది జానెడు, నల్లటిది దాని పక్కన.

రాత్రి ఊళ్ళో అమ్మకు ఫోన్ చేశాను. పిల్ల మునిగిన సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"నువ్వూ దిగావా?"

"దిగానమ్మా."

"తల ముంచావా?"

"ముంచాను."

మళ్ళీ కాసేపు నిశ్శబ్దం. "పడుకునేముందు దాని చెవుల్లో నీళ్ళున్నాయేమో చూడు" అంది. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. "నీ చెవుల్లో కూడా చూసుకోవే" అని అప్పుడు పెట్టేసింది.

రేపు సోమవారం, కొలను శుభ్రం చేస్తారు, సెలవు. ఎల్లుండి ఏడింటికి వెళ్ళాలి.