రెండు మహానగరాల నడుమ బొలొగోయె

మాస్కో నుంచి సెంట్ పీటర్స్‌బర్గ్ వెళ్లేవారిలో చాలామంది బొలొగోయెను కిటికీలోంచి చూసి వదిలేస్తారు. నేను అక్కడ దిగడానికే బయలుదేరాను. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని కనుక, రైళ్ల మీద బతికే మరో ఊరు చూడాలని ఏళ్లుగా కోరిక.

అక్కడ స్టేషను భవనం పట్టాల పక్కన ఉండదు. ఇరువైపులా రైళ్లు ఆగేలా దీవిలాగా నడుమ నిలిచి ఉంటుంది. 1851లో ఈ మార్గం మొదలైననాడు సుమారు 650 కిలోమీటర్ల ప్రయాణంలో ఇది సగం దూరం. ఇంజన్లు మార్చేలోగా రెండు దిక్కుల ప్రయాణికులూ దిగి భోజనం చేసేవారు. వోల్గా నది మీద వచ్చే ధాన్యాన్ని అప్పటి రాజధాని సెంట్ పీటర్స్‌బర్గ్‌కు చేర్చడానికి 1870లో రిబిన్స్క్ లైను, 1897లో ప్స్కోవ్ లైను, సైనిక అవసరాల కోసం 1907లో పోలోత్స్క్ లైను వచ్చి కలవడంతో అయిదు దిక్కుల కూడలి ఏర్పడింది.

ప్లాట్‌ఫారం చివర ప్స్కోవ్ పట్టాలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. పాత రష్యన్ పంచాంగం ప్రకారం 1917 మార్చి 1న, విప్లవం వల్ల రాజధానికి దారి మూసుకుపోవడంతో మాలయా విషెరా అనే స్టేషను నుంచి వెనుదిరిగిన రెండవ నికొలాయ్ చక్రవర్తి రైలు ఈ జంక్షనులోనే పడమటికి మళ్లింది. మర్నాడు ప్స్కోవ్‌లో ఆయన సింహాసనం వదులుకున్నాడు. బొలొగోయెకు పట్టణ హోదా దక్కింది కూడా ఆ ఏడాదే.

అయితే ఈ ఊరి కథను రైలుతో మొదలుపెట్టడం న్యాయం కాదనిపించింది. ఊరిని ఆనుకొని ఉన్న సరస్సు ఒడ్డున 19వ శతాబ్ది చివర్లో పుత్యాతిన్ అనే ప్రభువు రాతియుగపు ఆనవాళ్లు బయటపెట్టాడు. పట్టాలు పడక ముందు వేల ఏళ్లుగా మనుషులు ఈ నీళ్లను నమ్ముకునే ఇక్కడ నివసించారు.

1962 నాటికి మార్గమంతా విద్యుదీకరణ పూర్తయింది, ఇంజను మార్చే పని తప్పింది. 2009లో వచ్చిన సాప్సాన్ రైళ్లు గంటకు 250 కిలోమీటర్ల దాకా వేగం అందుకుంటాయి; వాటిలో ఇక్కడ ఆగేవి కొన్నే, అదీ క్షణకాలం. ఆగే రైళ్ల వల్ల పుట్టిన ఊరికి అది ఎంత లోటో నాకు తెలుసు.

ఒస్తాష్కోవ్ వెళ్లే పర్యాటకుల రైలుకు మాత్రం ఇప్పటికీ ఆవిరి ఇంజను కడతారు. నూనె డబ్బా పట్టుకున్న యువకుడొకడు ఒక్కొక్క కీలు దగ్గరా వంగి, రెండు చుక్కలు వేసి, గుడ్డతో తుడిచి ముందుకు కదిలాడు. చిన్నప్పుడు లోకో షెడ్డులో నాన్న చేతులు చేసిన పని అదే. ఇంజను కూత వేసి కదిలేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.