నా కష్టార్జితాన్ని కుటుంబ పోషణ పద్దులో వేశారు

భీమవరంలో మా ఇంట్లోనే కూర్చుని టెక్సాస్‌లోని ఒక సంస్థకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిపెడుతున్నాను. ఆ సంస్థ అమెరికాలో నమోదైన కంపెనీలకే తప్ప విదేశాల్లోని వ్యక్తులకు నేరుగా సొమ్ము చెల్లించదు. ఇదివరకు మధ్యలో ఒక ఏజెన్సీ ఉండేది. పని నాది, సింహభాగం వారిది. ఆ పీడ వదిలించుకోవడానికే వయోమింగ్ రాష్ట్రంలో నా పేరిట ఒక ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టుకున్నాను. పన్ను తప్పించుకోవడానికి కాదు. ఈ గడ్డ మీద నివసిస్తూ, ఇక్కడ కూర్చుని చేసిన పనికి వచ్చే ఆదాయంపై పన్ను ఇక్కడ కట్టి తీరాలి. బయట కంపెనీ పెడితే పన్నే ఉండదని యూట్యూబులో ఊదరగొట్టేవారి మాట నమ్మి, విదేశీ ఆస్తిని రిటర్నులో చూపకుండా వదిలేస్తే 2015 నాటి నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడే వీలుందని వారెవరూ చెప్పరు.

కంపెనీ నమోదు, అక్కడ దాని తరఫున కాగితాలు అందుకునే రిజిస్టర్డ్ ఏజెంటు ద్వారా సులువుగానే అయిపోయింది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి ఈఐఎన్ (అమెరికా పన్ను శాఖ కంపెనీకిచ్చే గుర్తింపు సంఖ్య) ఆన్‌లైన్‌లో ఇవ్వరు కనుక దాని దరఖాస్తు అయిన ఎస్ఎస్-4 ఫారం ఫ్యాక్సులో పంపి ఎదురుచూశాను, వచ్చింది.

చాలామంది దాటవేసే మెట్టు ఆ తరువాతిది. 2022 ఆగస్టులో అమల్లోకి వచ్చిన ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల ప్రకారం, భారతదేశంలో నివసించే వ్యక్తి విదేశీ కంపెనీలో పెట్టే మూలధనం ఎంత చిన్నదైనా, బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ దాఖలు చేసి యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. మా శాఖలో ఆ ఫారం పేరే ఎవరూ వినలేదు. విజయవాడలోని ఫారెక్స్ విభాగంలో ఒక అధికారిణి మాత్రం నేను పట్టుకెళ్లిన నిబంధనల ప్రతిని ఓపిగ్గా చదివి, నాతోపాటు కూర్చుని పని పూర్తిచేశారు. ఆ నిబంధనలను ఆడిటర్ల మీద ఆధారపడకుండా నేనే చదివి అర్థం చేసుకున్నాననీ, మా ఆడిటరు గారు ఇప్పుడు ఇలాంటి సందేహం ఎవరికి వచ్చినా నాకే ఫోను చేస్తున్నారనీ చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఇంత జాగ్రత్తగా నడిచాక, నా కంపెనీ నుంచి నాకు మొదటి ఇన్వాయిస్ సొమ్ము మా శాఖకు చేరిన రోజున జరిగినది నేను మరిచిపోలేను. "అమ్మా, మీ ఆయన అమెరికా నుంచి డబ్బు పంపారు, వచ్చి సంతకం పెట్టండి" అని ఫోను వచ్చింది. మా ఆయన ఈ ఊరి హైస్కూల్లోనే లెక్కలు చెబుతారు. ఆ మాటే చెప్పి, ఒప్పందం, ఇన్వాయిస్, యూఐఎన్ లేఖ అన్నీ ఫైల్లో పెట్టుకుని వెళ్లాను. అక్కడి అధికారి ఫైలు తెరవలేదు. కంప్యూటర్లో పంపినవారి వివరాలు చూసి, "ఈ కంపెనీ మీదేనంటున్నారు. మీ కంపెనీ మీకే డబ్బు పంపడమేమిటి? దీన్నే హవాలా అంటారు" అని, వరసలో నిలబడిన వారందరికీ వినబడేలా అన్నారు. ఆ వరసలో మా వీధివారు ఉన్నారు, మా పిల్లల ట్యూషన్ మాస్టారు ఉన్నారు. కంపెనీ వేరు, నేను వేరు, నేను ఆ కంపెనీకి సేవ చేసి ఇన్వాయిస్ ఇచ్చానని నేను చెబుతూ ఉండగానే, "మగవాళ్లెవరినైనా తీసుకురండి, వాళ్లకు అర్థమయ్యేలా చెబుతాను" అన్నారు.

పద్దెనిమిదేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నదాన్ని. నా పనిని నమ్మి ఒక సంస్థ సముద్రాల అవతలి నుంచి సొమ్ము పంపితే, దాని లెక్క చెప్పే అర్హత నాకు లేదనడం అవమానం కాక మరేమిటి?

కొన్నాళ్లకు సొమ్ము ఖాతాలో పడింది. సొమ్ము అందినట్టు బ్యాంకు ఇచ్చే అడ్వైస్ అడిగి తీసుకుని చూస్తే, ఆ సొమ్ము దేనికి వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్ గడిలో పి1301 అని ఉంది. ప్రవాస భారతీయులు కుటుంబ పోషణకు, పొదుపుకు పంపే సొమ్ముకు వేసే కోడ్ అది. మా జిల్లాలో అమెరికా సొమ్మంటే పిల్లలు తల్లిదండ్రులకు పంపేదేనన్న అలవాటు కొద్దీ, వచ్చిన సొమ్మును ఎలా జమ చేయాలో ఖాతాదారు రాసిచ్చే డిస్పోజల్ ఇన్‌స్ట్రక్షన్ మీద నేను సంతకం పెట్టకుండానే ఆ కోడ్ వేసేశారు. పంపినది కంపెనీ అని పక్క గడిలోనే ఉంది. కంపెనీకి కుటుంబం ఎక్కడి నుంచి వస్తుందని కూడా ఎవరూ ఆలోచించలేదు.

కోడ్ ఏదైతేనేం, డబ్బు వచ్చింది కదా అని శాఖలో సర్దిచెప్పబోయారు. సేవల ఎగుమతికి జీఎస్టీ లేకుండా ఇన్వాయిస్ ఇవ్వడానికి నేను ఏటా ఆర్ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇస్తాను. ఆ సేవకు ప్రతిఫలం విదేశీ మారకంలో వచ్చిందని చూపించేది ఈ అడ్వైసే. అందులో కుటుంబ పోషణ అని ఉంటే, రేపు అధికారులు అడిగినప్పుడు నా ఇన్వాయిస్‌కు సొమ్ము వచ్చినట్టు రుజువు ఏదీ? 18 శాతం పన్ను నా నెత్తిన పడుతుంది. ఒకసారి పడిన కోడ్ మారదని శాఖలో తేల్చేశారు. లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి పంపాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే 2021 నాటి పథకం కింద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళతానని రాశాను. గడువు తీరకముందే విజయవాడ విభాగం కోడ్‌ను పి0802గా, అంటే సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీగా సవరించింది. ఆ కాగితం నిన్ననే చేతికొచ్చింది. శాఖ నుంచి క్షమాపణ మాత్రం రాలేదు.

ఈ దారిన వెళ్లదలచినవారు డిస్పోజల్ ఇన్‌స్ట్రక్షన్‌ను ముందుగానే స్వయంగా నింపి, ఇన్వాయిస్ నంబరూ పర్పస్ కోడూ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. డాలరు ఏ రేటుకు మారుస్తారో మార్చకముందే అడగాలి. అడగనివారికి బ్యాంకులు మంచి రేటు ఇవ్వవు. ఏకైక విదేశీ యజమాని ఉన్న ఎల్ఎల్‌సీ అమెరికాలో పన్ను ఏమీ కట్టనక్కర లేకపోయినా ఏప్రిల్ 15 లోగా అక్కడి పన్ను శాఖకు, యజమానితో జరిగిన లావాదేవీలు చూపే ఫారం 5472 దాఖలు చేయాలి. మానేస్తే జరిమానా 25,000 డాలర్లు. ఇక్కడ విదేశీ ఆస్తి ఉన్నవారికి ఆదాయపు పన్ను రిటర్నుల్లో ఐటీఆర్-4 పనికిరాదు, విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ ఉన్న ఐటీఆర్-3 వేయాలి. బ్యాంకుకు ఏటా డిసెంబరు 31 లోగా ఏపీఆర్ (విదేశీ కంపెనీ వార్షిక పనితీరు నివేదిక) కూడా ఇవ్వాలి. ఇవన్నీ భరించేంత రాబడి లేనివారు, సంస్థ ఒప్పుకుంటే, నేరుగా తమ ఖాతాకే చెల్లించమని అడగడం మేలు.

నా ఖాతాను విజయవాడకు మార్చుకున్నాను. ఈ నెల ఇన్వాయిస్‌ను కొత్త ఖాతా నంబరుతో ఈ ఉదయమే పంపించాను.