బొహొరోక్ నదిలో లారీ ట్యూబుల మీద

ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, మెడాన్ నగరానికి వాయవ్యంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో బుకిట్ లవాంగ్ అనే చిన్న ఊరుంది. దూరం తక్కువే కానీ కారులో మూడు నాలుగు గంటలు పడుతుంది. దారి పొడవునా పామాయిల్ తోటలే. మాది జంగారెడ్డిగూడెం వైపు పల్లె. ఆ చెట్ల వరసలు, రోడ్డు పక్కన పోగేసిన గెలలు చూసి "మన ఊరికే వచ్చినట్టుందే" అంది మా అక్క. నాకు మాత్రం లోపల ఏదోలా ఉంది. మా దగ్గర ఎక్కువగా పాత పొలాల్లోనే పామాయిల్ వేశారు. సుమత్రాలో చాలాచోట్ల అడవిని కొట్టి ఆ నేలలో వేశారు.

ఊరి అంచున బొహొరోక్ నది, దాని మీద ఊగే తాళ్ల వంతెనలు. అక్కణ్ణుంచి గునుంగ్ లూసర్ నేషనల్ పార్కు మొదలు. ఏనుగు, పులి, ఖడ్గమృగం, ఒరంగుటాన్ (తోకలేని పెద్ద వానరం) నాలుగూ ఇప్పటికీ కలిసి బతుకుతున్న అడవి ప్రపంచంలో ఇదొక్కటే. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చింది. 2011 నాటికే ప్రమాదంలో ఉన్న ప్రదేశాల జాబితాలోకీ చేరింది.

ఇక్కడ పద్ధతి ఏమిటంటే, గైడుతో అడవిలోకి నడిచి వెళ్లి, నది ఒడ్డున గుడారంలో పడుకుని, తిరుగు ప్రయాణం నీళ్ల మీద చేయడం. నడక కష్టమే. ఏటవాలు దిబ్బలు, వేళ్లు పట్టుకుని ఎక్కడం, జలగలు. ఒక అత్తి చెట్టు మీద తల్లి ఒరంగుటాన్, దాని పొట్టను కరుచుకున్న పిల్ల కనిపించేసరికి ఆ కష్టమంతా మర్చిపోయాం. తల్లి ఒక్కో కొమ్మనూ వంచి, పండు నొక్కి చూసి, నచ్చితేనే కోసుకుంటోంది. ఇద్దరు స్విస్ పరిశోధకురాళ్లు 1973లో ఇక్కడ పునరావాస కేంద్రం పెట్టారు. ఇళ్లలో బంధించి పెంచిన ఒరంగుటాన్‌లను తెచ్చి అడవికి అలవాటు చేసేవారు. వాటికి, వాటి పిల్లలకు మనుషులంటే బెరుకు తక్కువ. అందుకే పది మీటర్ల దూరం పాటించాలని, తిండి పెట్టకూడదని నియమం. మన జలుబు కూడా వాటి ప్రాణం తీయగలదు. అయినా ఒక గుంపులో ఎవరో ఫొటో కోసం అరటిపండు చూపించి పిలుస్తున్నారు. నాకు చాలా కోపం వచ్చింది. సుమత్రా ఒరంగుటాన్‌లు మిగిలింది సుమారు 14 వేలే.

మర్నాడు ఒడ్డున ట్యూబులు సిద్ధం చేస్తుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. అవి లారీ టైర్ల లోపలి ట్యూబులే. నాలుగింటిని వరసగా పెట్టి తాడుతో బిగించారు. మనిషి జారిపోకుండా ప్రతి ట్యూబు అడుగునా తాళ్లతో వలలా అల్లారు. మా బ్యాగులను మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, మూతి మెలితిప్పి కట్టి, మధ్యలోని ఒక ట్యూబులో వేశారు. ముందొకరు, వెనకొకరు గెడ పట్టుకుని ఎక్కారు. మా అక్కకి ఈత రాదు. లైఫ్ జాకెట్ అడిగి వేయించుకుని, "నా చెయ్యి వదిలావంటే చూడు" అని నన్ను బెదిరించి కూర్చుంది.

మొదటి వడి దగ్గరే టెన్షన్ మొదలైంది. నీళ్లు రెండు బండల మధ్య ఇరుకై, నురగలు కక్కుతూ కిందికి దూకుతున్నాయి. ముందున్న గైడు గెడతో బండను ఒక్క తోపు తోశాడు. మొత్తం వరస పాములా వంగి పక్కకి తిరిగింది, చల్లటి నీళ్లు ముఖం మీద పడ్డాయి, అంతలోనే మడుగులోకి జారాం. అక్క కేక వేసింది, ఆ వెంటనే నవ్వింది. తర్వాతి వడి వచ్చేసరికి తనే ముందుకు వంగి చూస్తోంది.

మడుగుల్లో నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. అడవిలో నడిచేటప్పుడు కళ్లెప్పుడూ కాళ్ల కిందే ఉంటాయి. ఇక్కడ వెల్లకిలా వాలితే చెట్లు అడుగు నుంచి చిటారు దాకా కనిపిస్తాయి. నీటి మీదికి వాలిన కొమ్మలు, వాటి నుంచి వేలాడే తీగలు, పైన గెంతుతున్న కోతులు. ఎక్కడో గిబ్బన్లనే చిన్న వానరాల కూత. నీళ్లింత తేటగా ఉండటం ఈ అడవి చలవేనని నాకు అప్పుడు అనిపించింది. కుండపోత వానను ముందు ఆకులు ఆపుకుంటాయి, తర్వాత నేల పీల్చుకుంటుంది, మట్టిని వేళ్లు పట్టి ఉంచుతాయి.

ఆ పట్టు సడలితే ఏమవుతుందో ఈ ఊరు చూసింది. 2003 నవంబరు 2 రాత్రి హఠాత్తుగా వరద వచ్చి 200 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, గెస్ట్‌హౌస్‌లు కొట్టుకుపోయాయి. నీళ్లతో పాటు వచ్చిన దుంగలే ఎక్కువ నాశనం చేశాయి. ఎగువన దొంగతనంగా చెట్లు కొట్టడమే కారణమని పర్యావరణ సంస్థలు చెప్పాయి. ఊరు దగ్గరపడ్డాక వెనకున్న గైడు గెడ ఎత్తి ఒడ్డును చూపించాడు. తన చిన్నప్పుడు అక్కడొక వరస ఇళ్లుండేవట. ఇప్పుడు రాళ్లు, పొదలు. పైన వాన పడినట్టు అనుమానం వస్తే, ఎంత డబ్బిస్తామన్నా ట్యూబులు నీళ్లలోకి దించేది లేదని చెప్పాడు. మీరు వెళ్లినప్పుడు గైడు వద్దంటే దయచేసి బతిమాలకండి, ఆ మాట వెనక ఆ రాత్రి ఉంది.

ఊరి రేవులో మెడాన్ వైపు నుంచి సెలవు గడపడానికి వచ్చిన కుటుంబాలు, ఈదుతున్న పిల్లలు. మమ్మల్ని దించి, ట్యూబులు విప్పి భుజాలకు తగిలించుకుని గైడులు వెళ్లారు. అక్క తడి బట్టలతోనే నిలబడి, రేపు మళ్లీ ఎక్కడానికి ఎంతవుతుందో కనుక్కోమంది.