ఇంగ్లిష్ వ్యాసానికి మొదలు, ముగింపు: నా అనుభవం

ఎం.ఏ. ఇంగ్లిష్‌లో వ్యాసం మధ్యభాగం నన్నెప్పుడూ భయపెట్టలేదు. నాటకం బాగా చదివితే అది దానంతటదే నడుస్తుంది. టెన్షనంతా మొదటి పేరా, చివరి పేరా దగ్గరే. మా నెల్లూరు జిల్లా పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన చాలామందిది ఇదే బాధ.

షేక్‌స్పియర్ నాటకం 'మాక్‌బెత్'లో, నువ్వు రాజువవుతావని మంత్రగత్తెలు చెప్పిన జోస్యం విన్నాక సేనాపతి మాక్‌బెత్ రాజును చంపుతాడు. 'మాక్‌బెత్ విధి చేతిలో కీలుబొమ్మా?' అన్నది ప్రశ్న. గైడ్లలో జవాబు షేక్‌స్పియర్ 1564లో స్ట్రాట్‌ఫర్డ్‌లో పుట్టాడని మొదలవుతుంది. మేడమ్ ఒక్క మాట అడిగారు: "ఈ వాక్యం హామ్లెట్ వ్యాసానికీ సరిపోతుంది కదమ్మా, మరి ఇక్కడెందుకు?" అప్పటినుంచి, వేరే నాటకానికి అతికించినా అతుక్కునే వాక్యం కనబడితే కొట్టేస్తున్నాను.

కావలి నుంచి నెల్లూరు పోయే రైల్లో నాటకం మళ్లీ తీశాను. 1వ అంకం 1వ రంగంలో మంత్రగత్తెలు మంచే చెడు, చెడే మంచి అంటారు. 3వ రంగంలో మాక్‌బెత్ తొలిసారి నోరు విప్పి, ఇంత చెడ్డదీ ఇంత మంచిదీ అయిన రోజును చూడలేదంటాడు. అప్పటికి వాళ్లింకా అతని కంట పడనే లేదు! బిట్రగుంట దాటేసరికి మొదటి పేరా కుదిరింది: వాళ్ల మాట అతని నోట ముందే ఉంది. పక్కనే నిలబడి జోస్యం విన్న తోటి సేనాపతి బాంక్వో రాజును చంపలేదు. కాబట్టి ఆ జోస్యం మాక్‌బెత్‌లో ఉన్న కోరికనే లేపింది. అంతే, ఇంకేమీ చేర్చలేదు.

ముగింపు ఇంకా కష్టం. 'ఈ విధంగా' అంటూ మొదటి పేరానే తిప్పి రాస్తే, పేపర్ దిద్దేవాళ్లు చదివిందే మళ్లీ ఎందుకు చదవాలి? వాదాన్ని ఇంకో అడుగు ముందుకు నడిపే విషయం ఒకటి చివరికని దాచుకోవాలి. నేను 5వ అంకం 8వ రంగం దాచుకున్నాను. నాకెంతో ఇష్టమైన రంగం అది. స్త్రీ కన్నవాడెవడూ మాక్‌బెత్‌కు హాని చేయలేడని అంతకుముందు ఇంకో జోస్యం ఉంది. తనతో తలపడిన శత్రువు మాక్‌డఫ్‌ను తల్లి కడుపు కోసి తీశారని తెలియగానే మాక్‌బెత్ ధైర్యం జారిపోతుంది, నీతో పోరాడనంటాడు. అయితే లొంగిపో, నిన్ను జనానికి వింతగా చూపిస్తామని మాక్‌డఫ్ అనేసరికి డాలు ఎత్తుతాడు. గెలుస్తావన్న జోస్యం ఇప్పుడు లేదు. ఆ పోరు పూర్తిగా అతను ఎంచుకున్నదే. నా ముగింపు అదే.

పరీక్షలో కూడా ముందు ముగింపు వాక్యాన్ని చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుకుని, దాన్నిబట్టి మొదటి పేరా మొదలుపెడతాను.

దిద్ది ఇచ్చిన కాగితం అడుగున మేడమ్ ఇలా రాశారు: "మరి లేడీ మాక్‌బెత్? ఆమె మంత్రగత్తెల్ని చూడలేదు, భర్త రాసిన ఉత్తరం చదివిందంతే." ఇప్పుడు రాస్తున్న వ్యాసం ఆ ఉత్తరంతోనే మొదలవుతోంది.