గొట్టార్డ్ కొండ కింద నాన్నతో

నాన్న రైల్వేలో ఎక్కువ కాలం కొత్తవలస–కిరండూల్ లైన్లోనే పనిచేశారు. కీమన్, అంటే పట్టాల బిగింపులు చూసుకునే మనిషి. భుజాన సుత్తి, చేతిలో జెండా, రోజంతా పట్టాల వెంట నడక. అరకు వెళ్లొచ్చిన వాళ్లకి ఆ సొరంగాలు సరదాగా గుర్తుంటాయి. నాన్నకి సొరంగం అంటే గోడలో మనిషి ఒదిగేంత గూడు. లోపల నడుస్తుండగా ఖనిజం గూడ్సు వచ్చిందంటే ఆ గూట్లో దూరి, గోడకి వీపు ఆనించి, ఆఖరి వ్యాగన్ దాటేదాకా కదలకుండా నిలబడాలి. అందుకే ఆయన జ్యూరిక్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు మంచుకొండల టూర్లు తర్వాత చూసుకోవచ్చని ముందు గొట్టార్డ్‌కి తీసుకెళ్లాను. 2024 సెప్టెంబరు చివరి వారం అది.

స్విట్జర్లాండ్ మన ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు ఉంటుంది. అందులోనూ సగానికి పైగా ఆల్ప్స్ పర్వతాలే. ఉత్తరాన జర్మనీ, దక్షిణాన ఇటలీ. ఈ రెండింటి మధ్య సరుకు నడవాలంటే దగ్గరి దారుల్లో ఒకటి గొట్టార్డ్. దాని కింద రెండు రైలు సొరంగాలున్నాయి. 1882లో తెరిచిన పాతది 15 కిలోమీటర్లు. సుమారు 1,100 మీటర్ల ఎత్తు దాకా రైలు ఎక్కితేగాని దాని నోరు రాదు. 2016లో తెరిచిన కొత్తది కొండ పాదంలోనే దూరి 57 కిలోమీటర్లు పోతుంది. ప్రపంచంలో ఇంతకన్నా పొడవైన రైలు సొరంగం లేదు. వెళ్లేటప్పుడు పాతది, వచ్చేటప్పుడు కొత్తది అనుకున్నాం.

ట్రెనో గొట్టార్డో అని రాగి రంగు రైలు. ఎర్స్ట్‌ఫెల్డ్ దాటాక ఎక్కుడు మొదలైంది. నాన్న కిటికీకి అతుక్కుపోయారు. కాసేపటికి కొండ మీద తెల్లటి చర్చి కనిపించింది. అది వాసెన్ ఊరిది. రైలు ఒక సొరంగంలో దూరి బయటికొచ్చేసరికి ఆ చర్చి మా ఎదురుగా ఉంది. మళ్లీ ఇంకో సొరంగం, ఇంకో మలుపు. ఈసారి చర్చి మా కింద, లోయలో.

“ఇదేటి తల్లీ, ఇందాక మనకి పైన గదా ఉంది?” అన్నారు నాన్న.

ఒకే చోట తక్కువ దూరంలో ఎత్తు ఎక్కడానికి ఇంజనీర్లు పట్టాలను కొండ లోపలే గుండ్రంగా తిప్పారు. ప్రయాణికుడికి అది తెలిసేది ఆ చర్చి వల్లే. చెప్పగానే నాన్నకి అర్థమైపోయింది. మలుపులో పట్టా ఎలా అరుగుతుందో, బయటి పట్టాని ఎంత ఎత్తు పెట్టాలో నాకు చెప్పడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో ఆ మాటలు. ఆ రోజు మాత్రం శ్రద్ధగా విన్నాను.

పాత సొరంగానికి ఇటు నోరున్న గోషెనెన్‌లో మబ్బు, సన్నటి తుంపర. అక్కడ పారే రాయిస్ నది నీళ్లు రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి పోతాయి. రైలు చీకట్లో దూరి అవతల ఐరోలోలో తేలేసరికి చురుక్కుమనే ఎండ. ఇటువైపు నీళ్లు టిచీనో, పో నదుల మీదుగా ఏడ్రియాటిక్‌కి చేరతాయి. భాష కూడా మారిపోయింది. అప్పటిదాకా జర్మన్ బోర్డులు, ఇప్పుడు ఇటాలియన్ బోర్డులు. దేశం అదే, కరెన్సీ అదే. నాలుగు జాతీయ భాషలని పుస్తకంలో చదవడం వేరు, ఒక సొరంగం దాటి చూడటం వేరు.

ఐరోలోలో దిగాం. స్టేషన్ దగ్గరే ఒక కంచు ఫలకం ఉంది. విన్సెంజో వేలా అనే శిల్పి చేసింది. చనిపోయిన తోటి కూలీని స్ట్రెచర్ మీద మోసుకొస్తున్న సొరంగం పనివాళ్లు. పాత సొరంగంలో రికార్డులకెక్కిన చావులే 170కి పైన. ఎక్కువమంది ఇటలీ నుంచి పొట్టచేత పట్టుకొచ్చిన వాళ్లు. డైనమైట్ పొగ, ఉక్కపోత, మురికినీళ్లు. కొంకిపురుగులు పట్టి రక్తం లేక ఎంతమంది పాడైపోయారో. 1875లో పని పరిస్థితులు బాగాలేవని గోషెనెన్‌లో సమ్మె చేస్తే కాల్పులు జరిపి నలుగురిని చంపారు. కాంట్రాక్టరు లూయీ ఫావ్ర్ కూడా 1879లో సొరంగంలోనే గుండె ఆగి పోయాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చినవాళ్లు కలిసినప్పుడు, మొదట ఆ కంతలోంచి పంపింది డబ్బాలో పెట్టిన అతని ఫొటో. రెండు తవ్వకాల మధ్య తేడా పక్కకి 33 సెంటీమీటర్లు, ఎత్తులో 5. ఆ రోజుల పనిముట్లతో!

నాన్న ఇవన్నీ విన్నారు, ఏమీ అనలేదు. చెయ్యి చాపి, మోస్తున్న వాళ్లలో ఒకడి భుజం మీద వేళ్లు ఆనించారు. చాలాసేపు అలాగే ఉన్నారు. నాన్నతో పట్టాల పని చేసే గ్యాంగులో ఒకాయన సొరంగంలోనే పోయాడని నేను చిన్నప్పుడు అమ్మ నోట విన్నాను. నాన్న ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు.

బెల్లింజోనా వెళ్లి ఇడ్లీ పొడితో తెచ్చుకున్న చపాతీలు తిని తిరుగు రైలెక్కాం.

కొత్త సొరంగం గురించి నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది దాని పొడవు కాదు. కొండల్ని తొలిచి కొత్త రైలు దారులు వేద్దామా అని 1992లో జనాన్నే అడిగారు. దాదాపు 64 శాతం మంది సరే అన్నారు. దేశం మీదుగా పోయే సరుకు లారీల్లో కాకుండా రైళ్లలో పోవాలని 1994లో మళ్లీ ఓటేశారు. 1992లో ఓటేసిన వాళ్లు ఇందులో రైలెక్కడానికి 24 ఏళ్లు ఆగారు. మధ్యలో ప్రభుత్వంలో ఎంతమంది మారినా పని మాత్రం ఆగలేదు. ఆ ఓపిక చూస్తే నాకు ఈ దేశం మీద గౌరవం పెరిగింది.

“ఇందులో ఎంతమంది పోయారమ్మా?” అని అడిగారు నాన్న.

“తొమ్మిది మంది.”

తల ఊపారు. 2023 ఆగస్టులో ఒక గూడ్సు చక్రం విరిగి లోపల పట్టాలు తప్పిందనీ, ఏడు కిలోమీటర్ల మేర పట్టాలు కొత్తగా వేయాల్సి వచ్చిందనీ, పూర్తిగా తెరిచి నెల కూడా కాలేదనీ చెప్పాను. వెంటనే అద్దానికి మొహం ఆనించి చూశారు. నల్లటి గోడ తప్ప ఏం కనపడుతుంది? చెవి పెట్టి విన్నారు. జాయింట్ల చప్పుడు లేదు, ఊగుడు లేదు.

“రాత్రిపూట చేస్తారేమో పని,” అన్నారు తనలో తనే అనుకున్నట్టు.

సుమారు 20 నిమిషాలకి ఎర్స్ట్‌ఫెల్డ్ వెలుతురు వచ్చింది. పొద్దున అదే కొండ ఎక్కి దిగడానికి గంట దాటింది. నాన్న ఫోన్ తీసి, ఐరోలోలో నేను తీసిన ఫలకం ఫొటో పంపమన్నారు. పాత గ్యాంగు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాలట.

“దాని కింద ఏదో రాసుంది గదా తల్లీ, తెలుగులో ఏటనాలి?”

“పనికి బలైనవాళ్లు.”

కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేశారు. పంపే ముందు నాకు చూపించారు. బలైన అన్న చోట ఒక గుణింతం తప్పు పడింది. దిద్ది ఇచ్చాను.