అక్రాలో జూన్ వాన

ఘనా అంటే ఎండలే అనుకుని గొడుగు లేకుండా జూన్‌లో దాని రాజధాని అక్రాలో దిగాను. అక్కడ వానలు దంచేది సరిగ్గా ఆ నెలలోనే! ఎల్లో ఫీవర్ టీకా కార్డు గురించి పడ్డ టెన్షన్‌లో సగం వాతావరణం మీద పెట్టాల్సింది.

కనేషీ మార్కెట్ దగ్గర ట్రోట్రో, అంటే మన షేర్ ఆటోకి పెద్దన్న లాంటి వ్యాన్, ఎక్కానో లేదో కుండపోత. కిటికీ అద్దం మూసుకోదు. పక్కనున్న పెద్దావిడ మాట్లాడకుండా ఒక నల్ల ప్లాస్టిక్ సంచి చింపి నా ఒళ్లోని బ్యాగు మీద కప్పింది. కాలువలు పొంగి రోడ్డే కనబడలేదు. గంటన్నర కదల్లేదు.

దిగాక బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు కొన్నాను. ఉప్పు, నిమ్మకాయ అడిగితే అమ్మే ఆమె నవ్వి కొబ్బరి ముక్క చేతిలో పెట్టింది. అక్కడ అలాగే తింటారు. ఇంటికొచ్చాక నేనూ రెండుసార్లు అలాగే తిన్నాను. మా ఆవిడ వింతగా చూస్తోంది.